రొయ్యల వాసన కాదు

కోడూరు షెడ్డులో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు ఒంటి వాసన గురించి మాట్లాడుకోరు. వాసనుంటే పని దొరికినట్టే లెక్క. అందుకే గంగాదేవి కూడా పట్టించుకోలేదు. కాకపోతే సబ్బుతో లోపలిదాకా కడుక్కునేది. షెడ్డు మూసేసిన వారం కూడా ఆ వాసన వదలకపోయేసరికి ఆమెకు గుండెల్లో రాయి పడింది.

అవనిగడ్డలో లేడీ డాక్టరు పరీక్ష చేసి, యోనిలో చెడ్డ క్రిములు పెరిగి వాసనొచ్చే బాక్టీరియల్ వెజైనోసిస్ అని చెప్పి, ఒక జెల్ ట్యూబు రాసిచ్చింది.

"పడుకునే ముందు ఈ గొట్టంతో లోపలికి పెట్టుకోవాలమ్మా. వాసన తగ్గిందని మధ్యలో మానొద్దు. లోపల సబ్బు పెట్టడం మానెయ్యి, దానివల్ల మంచి క్రిములు చచ్చిపోతాయి. మందు అయ్యేదాకా మీ ఆయన్ని దూరంగా పడుకోమను."

"ఆయన దగ్గర్నుంచే అంటిందా మేడమ్?"

"అలా అనుకోకూడదమ్మా. ఎవరి తప్పూ లేకుండానే వస్తుందిది."

ఆ మాట గంగాదేవికి మింగుడుపడలేదు. మొగుళ్ళ పరువు కాపాడ్డానికి డాక్టర్లు ఇలాగే సర్దిచెబుతారనుకుంది. ఆమె మొగుడు నాగబాబు బందరు బోట్ల మీద చేపల వేటకెళ్తాడు. నెలలో సగం అక్కడే. ఒడ్డుకొచ్చాక ఎవరింటికి వెళ్తున్నాడో ఎవరికి తెలుసు? నిజం తేలితే నాగాయలంకలో పుట్టింటికి వెళ్ళిపోవాలని తీర్మానించుకుంది.

అతను ఇంటికి రాగానే చొక్కా జేబులు వెతికింది. ఫోను తిరగేసింది. బోటు ఓనరు తిట్లు తప్ప ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది. చివరికి ట్యూబు అతని ముందు పెట్టి, డాక్టరు చెప్పిందంతా చెప్పి, మొహంలో బెదురు కోసం చూసింది.

బెదురు లేదు. నాగబాబు బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

"అయితే ఎవరివల్లా రాలేదన్నమాట. బతికించావే. ఆ వాసన నాకెప్పుడో తెలిసింది. నేను వేటలో ఉండగా నువ్వు ఎవరితోనో... అనుకున్నా. పక్కింటి కోటమ్మత్తని ఓ కన్నేసి ఉంచమన్నా కూడా."

కోటమ్మత్త రోజూ సాయంత్రం వచ్చి ఎందుకు కూర్చుంటుందో గంగాదేవికి అప్పుడర్థమైంది. తనూ జేబులు వెతికిందే. ఆ సిగ్గు ఉన్నా కోపం తగ్గలేదు. తన అనుమానం గడప దాటలేదు, ఇతను మాత్రం అనుమానాన్ని వీధిలో పెట్టాడు.

డాక్టరు చెప్పినన్నాళ్ళూ మందు వాడింది. వాసన పూర్తిగా పోయింది. ఆ రాత్రి నాగబాబు చాప తెచ్చి పక్కన పరుచుకోబోయాడు.

"ఇంకా తగ్గలేదు బావా," అంది గంగాదేవి, గోడవైపు తిరిగి.