నాలుగో వంతు పొట్లం

హైమవతికి ఒళ్లు మండిపోతోంది. మండదూ మరి! నిన్న ఆదివారం నారాయణగూడలో ఫార్మసిస్టులకు పెట్టిన క్లాసులో పెద్ద డాక్టరుగారు గొంతు చించుకుని చెప్పారు. టైఫాయిడ్ క్యాప్సూలు నెల నిండని పసికందుకిస్తే లివరు తట్టుకోలేదు, బిడ్డ బూడిదరంగుకు తిరిగి ప్రాణం పోతుందని. ఆమె ఫార్మసిస్టుగా పనిచేసే మందుల షాపు యజమాని సూర్యనారాయణమూర్తి పక్క కుర్చీలోనే ఉన్నాడు. కంపెనీవాళ్లు పెట్టిన మిక్చరు తిని, కాఫీ తాగి, హాయిగా కునుకు తీశాడు.

తెల్లారి చిక్కడపల్లి షాపులో ఆ మహానుభావుడు అదే క్యాప్సూలు విప్పి, పొడిని పోస్టుకార్డు అంచుతో నాలుగు పాళ్లు చేస్తున్నాడు. ఎదురుగా బుగ్గమ్మ. అశోక్ నగర్‌లో ఇళ్లు కట్టేచోట తట్టలు మోసే పాలమూరు మనిషి. ఆమె చేతుల్లో ఇంకా పేరైనా పెట్టని మనవడు. వాడికి విరేచనాలు, జ్వరం.

"అది ఇవ్వకండి" అంది హైమవతి.

"ఏళ్ల తరబడి ఇస్తున్నానమ్మాయ్. ఒక్కరైనా వచ్చి అడిగారా?"

"బిడ్డ పోయినవాళ్లు మందుల షాపుకెందుకు వస్తారండీ?"

ఆయన వినిపించుకోలేదు. పొట్లం కట్టి బుగ్గమ్మ చేతిలో పెట్టాడు. హైమవతి లాగేసుకుంది. బుగ్గమ్మ కస్సుమంది.

"ఏందమ్మా, మా అసుంటోల్లకు మందు గూడ ఇయ్యవా? నీ పిల్లగాడైతే గిట్ల గుంజుకుంటవా?"

ఆ మాట హైమవతికి చురుక్కున తగిలింది. "నా పిల్లాడైతే ఈపాటికి ఆస్పత్రిలో ఉండేవాడు. పద, నేనూ వస్తాను."

"నువ్వు వెళ్తే షాపు మూసెయ్యాలి తెలుసా?" అన్నాడు సూర్యనారాయణమూర్తి. ఫార్మసిస్టు లేకుండా మందులమ్మడం నేరం.

"మూసెయ్యండి."

రిక్షా ఎక్కాక డాక్టరు చెప్పిందంతా బుగ్గమ్మకు విడమరిచి చెప్పింది. బుగ్గమ్మ మనవణ్ణి గుండెకు హత్తుకుంది. రిక్షా మలుపు తిరుగుతుంటే హైమవతి వెనక్కి చూసింది. సూర్యనారాయణమూర్తి షట్టరు సగానికి దించి, దాని కిందనుంచి ఇంకో కూలిమనిషికి పొట్లం అందిస్తున్నాడు. ఆమె చంకలోనూ పసిబిడ్డే.

"ఆపవయ్యా" అంటూ హైమవతి దిగబోయింది. బుగ్గమ్మ ఆమె రెక్క పట్టుకుని ఆపి, మనవణ్ణి హైమవతి ఒళ్లో పడుకోబెట్టింది.

"నువ్వు జర వీన్ని పట్టుకో. నువ్వు జెప్తె గామె ఇనది. నేనిన్ననా?"

కొంగు నడుముకు బిగించి బుగ్గమ్మ షాపు వైపు పరుగెత్తింది.