రివర్స్‌లో పెద్దమ్మ పడవ

ముందే ఒప్పేసుకుంటాను. ఆ శనివారం పొద్దుటి వరకూ నేను ట్రైలర్ తగిలించిన బండిని ఒక్కసారి కూడా వెనక్కి నడపలేదు. పెద్దమ్మతో మాత్రం "బోలెడుసార్లు నడిపాను" అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధమూ కాదు. రెండు వందల పన్నెండుసార్లు నడిపాను. లాప్‌టాప్‌లో.

నవ్వకండి, చెబుతాను.

మా ఆర్డిస్ పెద్దమ్మకి డెబ్బై మూడేళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు, పడవ కొనుక్కుంది. పదిహేడు అడుగుల అల్యూమినియం పడవ, ఎడమ పక్క పుచ్చకాయంత సొట్ట. నేను మొదటి చేప పట్టింది అందులోనే. మొదటి బీరు తాగింది కూడా అందులోనే, ఆ సంగతి మా అమ్మకి తెలియదు. మినసోటాలో మే నెలలో చేపల సీజన్ మొదలయ్యే శనివారం నాడు పెద్దమ్మ పడవ నీళ్లలో లేకపోవడం నా బతుకులో నేనెప్పుడూ చూడలేదు.

అలాంటిది ఈ ఏప్రిల్‌లో ఫోన్ చేసి, "పడవ ఇచ్చేద్దామనుకుంటున్నానే. నీకో, కర్ట్‌కో" అంది.

కర్ట్ మా రెండో పెద్దమ్మ కొడుకు, నాకంటే ఆరేళ్లు పెద్ద. వాడి పికప్ ట్రక్కు ఎక్కాలంటే నిచ్చెన కావాలి. పడవ చేతికొస్తే సొట్ట తీయించి, నల్లరంగు కొట్టించి, నాలుగు స్పీకర్లు పెట్టిస్తానని ఆ ఫోన్లోనే చెప్పాడు. వాడూ లైన్లో ఉన్నాడన్నమాట.

"నాకివ్వు పెద్దమ్మా" అన్నాను వెంటనే.

"దేంతో లాగుతావు చెల్లాయ్? ఆ కూరగాయల బండితోనా?" అన్నాడు కర్ట్.

నాది మధ్యరకం ఎస్‌యూవీ. అయిదు వేల పౌన్ల బరువు లాగుతుందని కంపెనీవాళ్లే రాసిచ్చారు. నేను పట్టిక వేశాను. పడవ, మోటారు, ట్రైలర్, పెట్రోలు, పెద్దమ్మ ఐసుపెట్టె, ఆ ఐసుపెట్టెలో ఆవిడ తోసే గుడ్డు శాండ్‌విచ్‌లు, అన్నీ కలిపినా మూడు వేలు దాటలేదు. ఆ పట్టిక ఇద్దరికీ పంపాను.

"పట్టిక బావుంది, కానీ అది పడవని నీళ్లలోకి దించదుగా" అంది పెద్దమ్మ. "సీజన్ మొదటిరోజు, నీళ్లలోకి వాలుగా దిగే ర్యాంపు దగ్గర, జనం ముందు దించు. స్టీరింగు ఇంకెవరూ ముట్టుకోకూడదు. దించితే పడవ నీది. లేకపోతే కర్ట్‌ది. ట్రైలర్‌ని నీళ్లదాకా వెనక్కి నడపడం వచ్చా అసలు?"

అప్పుడే అన్నాను, బోలెడుసార్లని.

నా దగ్గర ట్రైలర్ లేదు. మా అపార్ట్‌మెంటు కింద ట్రైలర్ పెట్టుకోనివ్వరు. అందుకని చదివిన చదువు ఎందుకైనా పనికొస్తుందని ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. తెర మీద ఒక బండి, వెనక ఒక ట్రైలర్, కింద ఒక ర్యాంపు. బాణం గుర్తులు నొక్కితే వెనక్కి వెళ్తుంది. మూడు వారాలు సాధన చేశాను. చివరికి ఎడమచేత్తో కాఫీ తాగుతూ దించేసేదాన్ని.

శుక్రవారం పెద్దమ్మని ఎక్కించుకుని, పడవ ఉన్న ఆవిడ ట్రైలర్ తగిలించుకుని కెటిల్‌పాట్ లేక్‌కి బయల్దేరాను. ముందు కర్ట్, వాడి వెనక వాడి క్యాంపింగ్ ట్రైలర్. నిజం బండిని నిజం రోడ్డు మీద వెనక్కి నడపాల్సిన అవసరం ర్యాంపు కంటే ముందు రాకూడదని నేను దారంతా ముందే గీసుకున్నాను. ఇటునుంచి దూరి అటునుంచి బయటపడే పెట్రోలు బంకులు మాత్రమే.

"ఆ బంకు ఖాళీగా ఉందిగా, వదిలేశావేం?" అంది పెద్దమ్మ.

"అక్కడ పెట్రోలు మంచిది కాదు పెద్దమ్మా."

"పద్దెనిమిది మైళ్లు చుట్టూ తిరిగాం మంచి పెట్రోలు కోసం. నీ బండికి నాకంటే మర్యాద ఎక్కువే."

శనివారం పొద్దున ఏడింటికి ర్యాంపు దగ్గర మా వెనక పంతొమ్మిది బండ్లు ఉన్నాయి. పక్కన గట్టు మీద మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లు ఓ పదిమంది. వీళ్లకి పడవల్లేవు. వీళ్లు ఏటా సీజనంతా చూడటానికే వస్తారు.

పెద్దమ్మ లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఐసుపెట్టెతో సహా పడవెక్కి కూర్చుంది, బస్సులో పిల్లలు సర్దుకునేదాకా ఆగే డ్రైవరులాగా. నేను రివర్స్ గేరు వేశాను. ట్రైలర్ కొంచెం ఎడమకి వెళ్లాలి. సాధన చేసినట్టే స్టీరింగు ఎడమకి తిప్పాను.

ట్రైలర్ కుడికి వెళ్లింది.

ఇంకొంచెం ఎడమకి తిప్పాను. అది ఇంకొంచెం కుడికి వెళ్లింది. ఇంకా తిప్పాను. అద్దంలో చూస్తే పెద్దమ్మ లేదు, కుడిపక్క కిటికీలోంచి కనిపిస్తోంది. వెనక ఉండాల్సిన మనిషి పక్కకి వచ్చిందంటే ఎక్కడో ఏదో జరిగిందని అర్థం.

నా ప్రోగ్రాం లెక్కలో ఒక మైనస్ గుర్తు పెట్టడం మర్చిపోయానని, అందుకే తెర మీద ఎటు తిప్పితే ట్రైలర్ అటే వెళ్లేదని అప్పుడు తెలిసింది. అంటే మూడు వారాలపాటు, రెండు వందల పన్నెండుసార్లు, నేను ట్రైలర్‌ని తప్పుగా నడపడంలో ఆరితేరాను. ఏమీ రానివాడు తడబడతాడు. నేను తడబడలేదు. ఏమాత్రం సందేహం లేకుండా పొదల్లోకి తీసుకెళ్లాను.

ముందుకి లాగాను. మళ్లీ వెనక్కి. ఈసారి ర్యాంపుకి అడ్డంగా. మళ్లీ ముందుకి.

"అలా కూడా చెయ్యొచ్చన్నమాట" అంది కుర్చీలోంచి ఒకావిడ. "వేరేగా ఉంది."

మా మినసోటావాళ్లు "వేరేగా ఉంది" అన్నారంటే ఇంతకంటే ఘోరం చూడలేదని అర్థం. ఒక్కడూ హారన్ కొట్టలేదు. కొడితే బావుండును. పంతొమ్మిది ఇంజన్లు ఆగి, పంతొమ్మిది ఫ్లాస్కులు తెరుచుకున్న చప్పుడు వినడం కంటే హారన్ నయం.

మా వెనక బండి పెద్దాయన దిగొచ్చాడు. పేరు వెర్లిన్ అట. "నన్నేమైనా దించిపెట్టమంటావా అమ్మాయ్?"

"అబ్బే, వద్దండి. పర్లేదు."

"నాకేం ఇబ్బంది లేదు."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ."

"రెండు నిమిషాల పని."

మా దగ్గర దీనికో లెక్కుంది. సాయం మూడుసార్లు అడగాలి. రెండుసార్లు వద్దనాలి. మూడోసారి "మీరంతగా అంటున్నారు కాబట్టి" అని ఒప్పుకోవాలి. వెర్లిన్‌గారు అప్పటికే నా తాళం కోసం చెయ్యి చాపారు కూడా. కానీ స్టీరింగు వేరేవాళ్లు ముట్టుకుంటే పడవ పోతుంది.

"వద్దండి" అన్నాను మూడోసారి.

గట్టు మీద ఎవరో కప్పు కింద పెట్టారు. వెర్లిన్‌గారు చాపిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక తన టోపీ సర్దుకున్నారు.

"ఒప్పేసుకో చెల్లాయ్" అని అరిచాడు కర్ట్ పక్కనుంచి. వాడు వచ్చేటప్పుడే పడవకి కొట్టించే నల్లరంగు డబ్బా కొనుక్కొచ్చాడు. "పొదలకి కూడా ప్రాణం ఉంటుంది!"

"నీ నోటికి ఎవరైనా ట్రైలర్ తగిలించి లాక్కుపోతే బావుండు అన్నయ్యా!"

వెర్లిన్‌గారు వెళ్లబోతూ ఆగి, నాతో కాదు, చెట్టు మీది కొంగతో మాట్లాడుతున్నట్టు అన్నారు. "కొంతమంది స్టీరింగుని అడుగున పట్టుకుంటారట. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటే వెళ్తుందట. నాకు తెలియదు బాబూ. విన్నాను."

చెయ్యి అడుగున పెట్టాను. ఎడమకి జరిపాను. ట్రైలర్ ఎడమకి వెళ్లింది! కుడికి జరిపాను. కుడికి! వాల్చిన పట్టెమంచంలా అడ్డంగా పడున్న బండి మెల్లిగా తిన్నగా అయింది. ట్రైలర్ చక్రాలు నీళ్లలో దిగాయి. పడవ అడుగు తడిసింది, తేలింది. నేను బ్రేకు నొక్కాను. పడవ ట్రైలర్ మీంచి వెన్నపూసలా జారి నీళ్లలోకి వెళ్లింది.

చప్పట్లు! ఫ్లాస్కు మూతలు కొట్టినవాళ్లు కూడా ఉన్నారు. నేను బండి దిగి రెండు చేతులూ పైకెత్తాను.

ఆ రెండు చేతుల్లో ఒకదాంట్లో పడవ తాడు ఉండాలి.

తాడు పడవ ముందర చుట్టచుట్టి అందంగా ఉంది. పడవ అప్పటికే ఇరవై అడుగుల దూరంలో ఉంది. మోటారు తాళం నా జేబులో ఉంది. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తోంది.

"పెద్దమ్మా!"

పెద్దమ్మ చెయ్యి ఊపింది.

ఇప్పుడు మీరైతే నీళ్లలోకి దూకుతారేమో. మేం దూకం. ముందు ర్యాంపు ఖాళీ చెయ్యాలి. పెద్దమ్మ కొట్టుకుపోతోందని పంతొమ్మిది మందిని ఇంకాస్త ఆపడం పద్ధతి కాదు. బండిని ముందుకి లాగి, ట్రైలర్‌ని పార్కింగులో పెట్టి, బెల్టులు సర్దేసరికి పెద్దమ్మ సబ్బుబిళ్లంత అయింది.

"మునిగిందా?" అన్నాను పరిగెత్తుకొచ్చి.

"లేదు. శాండ్‌విచ్ తింటోంది" అన్నాడు కర్ట్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఒక పడవ ఆవిడ దగ్గరికి వెళ్లింది. లాక్కొస్తాం రమ్మని అడిగారు కాబోలు, పెద్దమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. మళ్లీ అడిగారు. మళ్లీ ఊపింది. అందరం ఊపిరి బిగబట్టాం. మూడోసారి అడిగారు. పెద్దమ్మ మూడోసారి కూడా ఊపింది.

"మీ కుటుంబంలో అందరూ ఇంతేనా?" అన్నారు వెర్లిన్‌గారు.

నాకు భయం పట్టుకుంది. డెబ్బై మూడేళ్ల మనిషి, తాళం లేని మోటారు. పొద్దుటి చలిగాలికి మతి తప్పిందేమో. కానీ అప్పటిదాకా అందర్నీ నలభై నిమిషాలు నిలబెట్టినదాన్ని, మళ్లీ ఎవరి పడవ అడగను? చివరికి అద్దెకి దొరికింది ఒక్కటే, పక్క రిసార్టువాళ్ల తొక్కుడు పడవ. తెల్లగా, పొడుగు మెడతో, హంస ఆకారంలో ఉంటుంది. కళ్లకి నీలం రెప్పలు.

నాతోపాటు ఎక్కిన కర్ట్ ఆరడుగుల నాలుగంగుళాలు. తొక్కుతుంటే వాడి మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"మా ఆఫీసువాళ్లు ఎవరైనా చూస్తే?" అన్నాడు.

"తొక్కు అన్నయ్యా."

"నా పక్క పెడల్ బిగుసుకుపోయింది."

"నీ పక్క మనిషే బిగుసుకుపోయాడు, తొక్కు!"

హంస తిన్నగా పోదు. ఎటు తిప్పినా ముందు కాసేపు ఆలోచించుకుంటుంది. పావుగంట తొక్కితే పెద్దమ్మ పడవ దగ్గరికి చేరాం. ఆవిడ బూట్లు విప్పేసి, కాళ్లు ఐసుపెట్టె మీద చాపుకుని, గాలం వేసి కూర్చుంది. కాళ్ల దగ్గర రెండు వాల్‌ఐ చేపలు. మమ్మల్ని పైనుంచి కిందకి చూసింది.

"హంసలో వచ్చారా" అంది. "వేరేగా ఉంది."

"పెద్దమ్మా, బావున్నావా? వాళ్లు అన్నిసార్లు అడిగితే వద్దన్నావేం?"

"వద్దనిపించింది, వద్దన్నాను."

"పోనీ తెడ్డు ఉందిగా పడవలో?"

"ఉంది." కాస్త పక్కకి జరిగింది. తెడ్డు మీదే కూర్చుని ఉంది. "మీరింకొంచెం మెల్లిగా తొక్కుంటే మూడోది పడేది."

ఊపిరి పీల్చుకుని తాళం ఆవిడ చేతికిచ్చాను. "సరే, స్టార్ట్ చెయ్యి. మెల్లిగా నడుపు, పడవ నాది ఇప్పుడు."

పెద్దమ్మ తాళం తీసుకుంది. తీసుకుని తన జేబులో వేసుకుని జిప్పు లాగింది.

"లేదే. పడవ నాదే."

"నేను దించాను! స్టీరింగు ఎవరూ ముట్టుకోలేదు! ఊరంతా చూసింది!"

"చూసింది. బాగా చూసింది. ఎవరు కాదన్నారు?" గాలం కొంచెం చుట్టి, మళ్లీ వదిలింది. "పోయిన ఆకురాలు కాలం నుంచి నా మెడ తిరగడం లేదే మారెన్. ఇంతవరకే." ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పి చూపించింది. నిజంగానే అంతవరకే. "వెనక్కి చూడలేకపోతే ట్రైలర్ ఎలా దించను? ముప్పై ఒక్క ఏళ్లు బస్సు వెనక్కి నడిపినదాన్ని, వేరేవాళ్లని దించిపెట్టమని అడగనా? అందుకే ఇచ్చేద్దామనుకున్నాను. కానీ ఇక్కడ కూర్చున్నాక తెలిసింది. నీళ్ల మీద మెడతో ఏం పని? చేపలు ఎదురుగానే ఉంటాయి."

నేను హంస మెడ పట్టుకుని పడవ వైపు వంగాను.

"మరి నాకేంటి?" అన్నాను.

"గెలిచినదానివి, ఊరికే పంపిస్తానా? ట్రైలర్ నీది. దాని రిజిస్ట్రేషన్ పడవతో కలిపి లేదు, విడిగానే ఉంది, సోమవారం నీ పేరున మార్పిస్తాను. నేలమీద సంగతి నీది, నీళ్లమీద సంగతి నాది. ప్రతి శనివారం ఏడింటికి మా ఇంటి దగ్గర ఉండు."

"స్పీకర్లు?" అన్నాడు కర్ట్ ఆశగా.

"నువ్వు ఆ హంసకి పెట్టించుకో నాయనా."

పెద్దమ్మ మోటారు స్టార్ట్ చేసి, సాయంగా మమ్మల్ని లాక్కెళ్తానంది. కర్ట్ పెద్దవాడు కదా, మర్యాదకి "వద్దులే పెద్దమ్మా" అన్నాడు. ఆవిడ రెండోసారి అడగలేదు. పడవ తిప్పుకుని చేపలున్న వైపు వెళ్లిపోయింది. మేం ఎదురుగాలిలో గంటసేపు తొక్కాం.

ఇప్పుడు నేను ఒక ట్రైలర్‌కి యజమానిని. మా అపార్ట్‌మెంటు కింద పెట్టుకోనివ్వరు కాబట్టి అది పెద్దమ్మ ఇంట్లోనే ఉంటుంది, పడవ కింద. ప్రతి శనివారం వంద మైళ్లు వెళ్లి దాన్ని వెనక్కి నడుపుతాను. పోయిన వారం రెండే ప్రయత్నాల్లో దించాను. కుర్చీలవాళ్లు నిరాశపడ్డారు, ఒకావిడ మొహం మీదే చెప్పింది.

ఇంత చెప్పాక ఇక నా దగ్గర దాచుకోవడానికి పరువంటూ ఏమీ లేదు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు దేన్నో ఒకదాన్ని జనం ముందు వెనక్కి నడిపే ఉంటారు. పొదలో దిగిందా, గోడకి తగిలిందా, పక్కింటాయన పూలకుండీ ఏమైంది? రాసి పంపండి. పెద్దమ్మకి చదివి వినిపిస్తాను, నవ్వితే మెడకి మంచిదట.