శుక్రవారం శిఖరాలు

నేను ఒక టెరాహెర్ట్జ్ స్పెక్ట్రోమీటర్‌ని. పేరు విని భయపడకండి, మూత ఉన్న పెద్ద పెట్టెను, అంతే. కంటికి కనిపించని కిరణాన్ని వస్తువు గుండా పంపి, అందులోని అణువులు ఎలా ఊగుతున్నాయో గీత గీసి చూపడం నా పని. నీటి ఆవిరి మాత్రం నాకు బొత్తిగా పడదు. రవ్వంత చొరబడినా గీత మీద ముళ్లు మొలుస్తాయి. అందుకే నాలో ఎప్పుడూ పొడి నైట్రోజన్ నింపుతారు.

మొదట ఒక మందుల కంపెనీలో మాత్రల పైపూత మందం కొలిచాను. కొత్త యంత్రం రాగానే నన్ను విశాఖలోని ఒక విశ్వవిద్యాలయానికి దానమిచ్చారు. ఫోటోలు మాత్రం బోలెడు తీయించుకున్నారు.

అక్కడ నన్ను ఏలుకున్నది సత్యవేణి. పీహెచ్‌డీలో ఐదో ఏడు. గుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అనే ప్రోటీనే ఆమె లోకం. దాని గీత ఎప్పుడూ నున్నగా, ఏ విశేషమూ లేకుండా వచ్చేది. ఒక శుక్రవారం దాని మీద నాలుగు పదునైన శిఖరాలు లేచాయి. మరుసటి శుక్రవారమూ అవే! గైడు కామేశం గారు ఉబ్బితబ్బిబ్బై డిపార్ట్‌మెంటంతా చాటేశారు. థీసిస్ మొత్తం వాటి మీదే నిలబడింది.

పోల్చి చూడ్డానికి ఖాళీ పెట్టె గీతను సోమవారం ఒక్కసారి తీసి వారమంతా వాడుకోవడం మా ల్యాబు అలవాటు. నైట్రోజన్ ఆదా అవుతుందని. థీసిస్ ఇచ్చే ముందు ఎందుకో అనుమానం వచ్చి, సత్యవేణి శుక్రవారం నన్ను ఖాళీగా నడిపింది. నాలుగు శిఖరాలూ లేచాయి. ఆమె బిత్తరపోయి వంగి చూస్తుంటే జడ చివర నుంచి ఒక నీటి చుక్క నా మీద పడింది.

ఆ గీతను చెరిపేస్తే అడిగే నాథుడు లేడు. ఆమె మాత్రం చెరపలేదు.

“సార్, ఆ శిఖరాలు ప్రోటీన్‌వి కావండి. నా జుట్టువి.”

“ఏటమ్మా?”

“శుక్రవారం తలంటుకుని ఆరకుండానే వచ్చేస్తన్నానండి. మూత తీసినప్పుడల్లా ఆ తడే లోపలికెళ్తంది.”

కామేశం గారు బట్టతల నిమురుకున్నారు. తర్వాత పగలబడి నవ్వారు. “ముందే చెప్పి పరువు నిలబెట్టావమ్మా. ఆర్నెల్లు పడితే పడనీ, మొదట్నించీ కొలిచెయ్.”

కొలిచింది. గీత మళ్లీ నున్నగానే వచ్చింది. కాకపోతే, ఒక చిన్న చక్కెర అణువు అంటుకున్నప్పుడు ఆ ప్రోటీన్ గీత కాస్త వాలేది. వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పెదవి విరిచాడు.

“ఐదున్నరేళ్లకి ఇంతేనా?”

“ఇంతేనండి,” అంది సత్యవేణి. “కానీ ఏ రోజు కొలిచినా ఇంతే వస్తది.”

నా బతుకులో నాకు దక్కిన పెద్ద మెప్పు అదే.