కన్నాల గోడ

గోడలో మూడో వరుస కన్నాలు పూడ్చేసరికి ఆమె వేళ్ల సందుల్లో సిమెంటు గట్టిపడింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, తడిగుడ్డతో ఇటుక అంచు తుడిచి, మళ్లీ తట్టలో చెయ్యి పెట్టింది. పక్కన మేస్త్రి తాపీతో సిమెంటు మాలు అందుకుంటున్నాడు.

పంతొమ్మిదేళ్ల కిందట ఈ గోడ కట్టింది వాళ్లిద్దరే. ఆర్కిటెక్చర్ కాలేజీ మెట్ల పక్కన, ఇటుకకూ ఇటుకకూ మధ్య బెత్తెడు సందు వదిలి, ఒక్కో సందూ ఒక్కో వాలులో. పొద్దు వాలేకొద్దీ వెలుగు మచ్చలు ఒక్కో మెట్టే ఎక్కేవి. దొంగలైనా ఇన్ని కన్నాలు వేయరని, ఆమె పాఠం చెప్పే పిల్లలు ఆమెకు 'కన్నాల మేడమ్' అని పేరు పెట్టారు. ఆమె కూడా నవ్వేది. చిత్రకారులు ఆమెను ఇంజనీరనేవారు. ఇంజనీర్లు బొమ్మలేసుకునే మనిషనేవారు. ప్రదర్శనలకు పంపినవన్నీ తిరుగుటపాలో వచ్చేవి. నిలిచింది ఈ ఒక్క గోడే.

ఇప్పుడు మెట్ల హాలుకు ఏసీ పెడుతున్నారు. "చల్లగాలంతా బయటికి పోతుంది మేడమ్, మీరే అర్థం చేసుకోవాలి" అన్నాడు నిన్న ప్రిన్సిపాల్. వచ్చే ఏడాది ఆమె పాఠం కూడా ఉండదన్న సంగతి, ఆమె తలుపు దాకా వెళ్లాక చెప్పాడు.

ఇవాళ పొద్దున మేస్త్రి గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా వల్ల కాదమ్మా. మనం కట్టిందాన్ని మనమే ఎలా మూస్తాం?"

"నువ్వు కాకపోతే ఇంకెవడో వచ్చి ఇష్టమొచ్చినట్టు మెత్తుతాడు. పద, నీళ్లు పట్టు."

పదకొండింటి క్లాసుకు నలుగురొచ్చారు. వాళ్లను గోడ దగ్గరే కూర్చోబెట్టి, కన్నం లోపల ముందు ఎలా తడపాలో, లోతు నుంచి ఎలా కూరుకుంటూ రావాలో చూపించింది.

"కట్టడం నేర్పుతారనుకున్నాం మేడమ్" అంది ఒకమ్మాయి.

"అదీ నేర్పా. మీరు ఆ రోజు రాలేదు."

అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది.

మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసి "తిన్నావా అక్కా?" అంది. తిన్నానని చెప్పింది. తినలేదు. పొద్దుటి నుంచీ ఎడమచెయ్యి లాగుతోందనీ చెప్పలేదు.

నాలుగయ్యేసరికి మెట్ల మీద ఒక్క వెలుగు మచ్చే మిగిలింది.

"ఇదొక్కటీ వదిలేద్దామమ్మా. ఎవరు చూస్తారు?"

"చూస్తారు. రేపు నిన్ను పిలిచి తిడతారు. కానియ్."

ఆమె మెట్టు మీద కూలబడింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, మోచేత్తో మొహం తుడుచుకుంది. వెలుగు ఆమె పాదం మీద ఉంది. సన్నబడింది. పోయింది.

మేస్త్రి అంచులు నునుపు చేసి, "చూడమ్మా, సమంగా ఉందా?" అన్నాడు. రెండోసారీ అడిగాడు. తిరిగి చూస్తే ఆమె తల గోడకు ఆని ఉంది. ఆరని సిమెంటు జుట్టుకు అంటుకుంది.

"ఒంట్లో బాలేదని ఒక్క మాటైనా అనలేదమ్మా" అన్నాడు, ఆసుపత్రి వరండాలో ఆమె చెల్లెలితో.

"నాకూ చెప్పలేదు" అంది చెల్లెలు.

ఆమె పోయిన మూడో రోజున రంగులేసేవాళ్లు మెట్లు కడిగారు. కళ్లజోడు ఎవరిదో తెలియక, తీసి పక్కనున్న దిమ్మె మీద పెట్టారు. దాని ఎడమ అద్దం మీద సిమెంటు చుక్క ఒకటి ఎండిపోయి ఉంది.