తవుడిచ్చి కొన్నవాడు

“మా ఇంటిది సూసుకుంటాదిలే!”

తిరుమలరావు నోట్లోంచి రోజూ ఊడిపడే మాట ఇది. నరసన్నపేటలో అతనికి దాణా కొట్టుంది. సాయంత్రం స్నేహితులు టీకి పిలిస్తే కొట్టు ఇంటిది చూసుకుంటుంది. చెల్లెలి పురుడు ఇంటిది చూసుకుంటుంది. తల్లి మోకాళ్ళకి నూనె రాయడం సరేసరి. ఒప్పుకునేది ఆయన నోరు, చేసేవి ఆవిడ చేతులు. ఆ చేతులకి జీతమెంత అని అడిగిన పాపాన ఎవడూ పోలేదు.

ఆ ఇంటిదానికో పేరుంది. తవిటమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, ఈ పిల్లయినా బతకాలని, తల్లి పురిట్లోనే ఆమెని చేటలో పడుకోబెట్టి మేనత్తకి అమ్మింది. మేనత్త సేరు తవుడు కొలిచిచ్చి కొనుక్కుంది. తవుడికి అమ్ముడుపోయిన బిడ్డ జోలికి చావు కూడా రాదని మా వైపు నమ్మకం. ప్రేమతో పెట్టిన పేరది. తర్వాత ఆ మేనత్తే అత్తగారైంది, ప్రేమ కాస్తా ఎత్తిపొడుపైంది. కూరలో ఉప్పెక్కువైతే చాలు, “సేరు తవుడికి కొన్నదానివి, నీకింతకన్నా ఏటొస్తాదిలే!” అంటుంది. మొగుడికైతే ఆ పేరే నామోషీ. నలుగురిలో “మా మిసెస్ తనూజ” అంటాడు. ఆ తనూజ ఎవరో తవిటమ్మకి ఇప్పటికీ పరిచయం లేదు.

ఒక సాయంత్రం ఆవిడ ఒక్కతీ కొట్లో ఉండగా శ్రీకాకుళం నుంచి రేఖ వచ్చింది. దిక్కులేని పశువుల్ని చేరదీసే మనిషి, ఆవులకి తవుడు కొంటుంది. ఆమె వ్యాన్లోంచి ఒక కుక్క దిగింది. నడుము పిడికిట్లో పడుతుంది, మూతి జానెడు, కాళ్ళు కర్రలు.

“గ్రేహౌండ్. పరుగుకి పెట్టింది పేరైన వేటకుక్క జాతి. ఇంకా కుర్రాడే,” అంది రేఖ. “భోగాపురం అవతల ఎవరో కుందేళ్ళ మీదికి వదిలి పందేలు కాసేవాళ్ళు. కాలు విరిగింది, రోడ్డు మీద దింపేసి పోయారు. కాలు అతికింది గానీ తీసుకునేవాళ్ళే దొరకలేదు.”

కుక్క కుంటుకుంటూ వచ్చి, తవిటమ్మ మోకాలికి ఒళ్ళంతా ఆనించి, కళ్ళు మూసుకుంది. అంతే. మొరగలేదు, ఏమీ అడగలేదు. ఆవిడ మీద బరువు పెట్టనివాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఇలా నమ్మి వాలినవాళ్ళు ఎవరున్నారు?

“నాను పెంచుకోవచ్చా అమ్మా?”

“పెంచుకోవచ్చు గానీ, పదేళ్ళ పైమాట. ఒంట్లో కొవ్వు లేదు, బయట కట్టేస్తే చలికి చచ్చిపోతాడు, ఇంట్లో మెత్తగా పక్క వెయ్యాలి. రెండు పూటలా నడిపించాలి. బయట మెడపట్టీ మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. కదిలేది కంటపడితే వీడికి పిలుపు వినపడదు. ఇవన్నీ ఎవరు చూసుకుంటారు?”

“నాను సూసుకుంటాను.”

ఊరికే తీసుకెళ్ళమంటే తవిటమ్మ ఒప్పుకోలేదు. సేరు నిండా తవుడు కొలిచి రేఖ సంచిలో పోసింది. “ఇప్పుడు నా బిడ్డ. తవిటోడు. బతికి తీరతాడు, సూడండి.”

ఇంటికి తీసుకెళ్తే తిరుమలరావు గుమ్మంలోనే ఆపేశాడు. “ఏటే ఇది, గొడ్డా కుక్కా? నన్నొక మాట అడగక్కర్లేదేటి? పేరేటన్నావు?”

“తవిటోడు, బావా.”

తల పట్టుకున్నాడు. ఒక తవిటిని దాచలేక చస్తుంటే రెండోది! మర్నాటినుంచి వీధి పిల్లలంతా “తవిటోడా! తవిటోడా!” అని ఒకటే కేకలు. వాడికా కేకలేమీ పట్టవు. ఆవిడ పాత చీరల బొంత మీద నాలుగు కాళ్ళూ ఆకాశానికెత్తి నిద్ర. కుక్కర్ కూసిందంటే మాత్రం వణికిపోతూ వచ్చి ఆవిడ కొంగులో తల దూరుస్తాడు. “నీకూ భయమేనా నాయినా? నాకూ అంతే. కాపోతే పొయ్యి కట్టెయ్యాల్సింది నానే కదా!” అని ఒక చేత్తో వాడి చెవులు మూసి, రెండో చేత్తో స్టవ్ కట్టేసేది.

ఒకరోజు సాయంత్రం తిరుమలరావు, “కుక్కని కట్టెట్టుకు తిరగడమేటే, నవ్వుతన్నారు. ఇడిసెయ్, ఆకలేస్తే అదే వస్తాది,” అని పట్టీ విప్పేశాడు. మా ఊళ్ళ కుక్కలన్నీ అలాగే తిరుగుతాయి, అలాగే వస్తాయి. అతని లెక్క అది. ఎదురింటి కోడిపెట్ట రోడ్డు దాటింది. తవిటోడు లేడు. వరిమళ్ళ మీదుగా గాలిలా పోయాడు.

ఆవిడ పరిగెత్తింది. చెప్పులు ఏ గట్టు దగ్గర జారిపోయాయో తెలీదు. కాలవ ఒడ్డున దొరికాడు, ఒళ్ళంతా బురద, అతికిన కాలు పైకెత్తి. తప్పిపోయింది ఆవిడే, వెతికి పట్టుకుంది తనే అన్నట్టు తోకూపాడు. ఆవిడ గట్టు మీద కూలబడి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

ఫోన్ మోగింది. అవతల తిరుమలరావు. “కొట్లో ఎవులూ లేరు, బేగి రా. ఆ రేఖమ్మకి ఫోన్ సేసీసాను. రేపొచ్చి అట్టుకుపోతాది.”

తవిటమ్మ కదల్లేదు. పెళ్ళైననాటినుంచి తన మీద పడ్డ బరువులన్నీ ‘చూసుకుంటాది’ అంటూ వచ్చినవే. ఎవరో అనడం, తను మొయ్యడం. వీడొక్కడే ‘చూసుకుంటాను’ అంటే వచ్చాడు. ఆ ఒక్క మాటా తన నోటితో తను అన్నది. దాన్ని కూడా ఫోన్ చేసి రద్దు చేసేశాడు!

మర్నాడు పొద్దున్న రేఖ వ్యాన్ గుమ్మం ముందు ఆగింది. అరుగు మీద కాళ్ళు చాపుకున్న అత్త ముందుగా నోరు విప్పింది. “తవుడిచ్చి కొన్నదాన్ని ఎనక్కిస్తారేట్రా? ఇన్నేళ్ళు దీన్ని తిట్టుకున్నాను గానీ, నానిచ్చీసేనేటి?”

“నువ్వూరుకోయే అమ్మా! తీసుకుపోండి మేడమ్,” అన్నాడు తిరుమలరావు.

రేఖ అతనికేసి చూడలేదు. “ఏమంటారు తవిటమ్మ గారూ?”

గారూ! ఆ పేరుకి గారు తగిలించవచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

“ఈడు ఉంటాడు,” అంది తవిటమ్మ. “పట్టీ ఇంకెవులూ ముట్టరు. సాయంత్రాలు నాను కొట్లో ఉండను బావా. ఆ ఏళకి ఈణ్ణి నడిపించాల.”

“మరి కొట్టెవులు సూస్తారే?”

బియ్యమైపోయినా, గ్యాసైపోయినా, ఆడపడుచు అలిగినా ఆ ఇంట్లో ఏ ప్రశ్నకైనా జవాబు తవిటమ్మ దగ్గరే ఉండేది. ఈసారి ఆవిడ వెతకలేదు. ప్రశ్నని అడిగినవాడి దగ్గరే వదిలేసి, తవిటోడి మెడ నిమిరి, వాణ్ణి నడిపించుకుంటూ మెట్లు దిగింది.