మూత మీద నీలం

నేను ఒక ప్రోటీన్‌ని. నా నీలం రంగు పోయిన రోజు గౌరీశ్వరి ఎంతో సంతోషించింది.

విశాఖలో ఒక మురుగుకాలవ అడుగు బురదలో బతికే బ్యాక్టీరియా నన్ను తయారుచేసింది. అమైనో ఆమ్లాలను పూసల్లా వరసగా గుచ్చింది. ఆ దండ తనంతట తాను మడతలు పడి చిన్న పీపాలా బిగుసుకుంది. పీపా మూతికి కాస్త లోపల ఒక రాగి పరమాణువు కుదురుకుంది. నా నీలం దానిదే. నా పని ఒకటే: ఒకరి దగ్గర ఎలక్ట్రాన్ తీసుకుని మరొకరికి అందించడం. అది నా దగ్గరికి రాగానే రంగు పోతుంది, ఇచ్చేయగానే తిరిగి వస్తుంది. ఆకారం మాత్రం దాదాపు మారదు. గాలి ఆడని ఆ బురదలో బ్యాక్టీరియా ఊపిరి ఇలాంటి అందజేతల మీదే నడిచేది.

గౌరీశ్వరి ఆ బ్యాక్టీరియాను తన ప్రయోగశాలకు తెచ్చి పెంచింది, పగలగొట్టి నన్ను వేరుచేసింది. ఇల్లు కూల్చి ఇంట్లోవాణ్ణి అపురూపంగా చూసుకోవడం మనుషుల పద్ధతి. నన్ను చిన్న గొట్టంలో పోసి మూత మీద ‘నీలం’ అని రాసింది. ఆ ప్రయోగశాలలో అందరూ అంకెలు రాస్తే, ఆమె రంగులు రాసేది.

నేను ఎలక్ట్రాన్‌ను ఎవరికి ఇస్తానన్నదే ఏళ్లుగా ఆమె వెతుకులాట. ఆ రోజు విటమిన్ సి కలిపి నాకు ఎలక్ట్రాన్ ఇచ్చింది. నేను నీళ్లలా తేటపడ్డాను.

“పుచ్చుకున్నావా! రేపు నీ పక్కింటివాణ్ణి తెస్తాను. వాణ్ణి కలిపాక నీలమయ్యావో, నేను గెలిచినట్టే,” అంది గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని. పక్కింటివాడంటే అదే బ్యాక్టీరియాలోని మరో ప్రోటీన్.

సాయంత్రం నన్ను ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికి వెళ్తుంటే ఆమె స్కూటర్‌ను లారీ గుద్దింది. ఆమె ఇక లేదన్న సంగతి, ఫ్రిజ్ తలుపు తెరుచుకున్నప్పుడు బయటి మాటల్లో విన్నాను.

ఫ్రిజ్‌లో ఆమె అర ఖాళీ చేయడానికి తోటి పరిశోధకులు త్రినాథ్, సుభాషిణి వచ్చారు.

“ఇదేటి, నీలమని రాసుంది, లోపల చూస్తే నీళ్లు! పాడైపోనాది,” అన్నాడు త్రినాథ్.

“ఉంచుదాం త్రినాథ్. అక్క రాత ఉంది దాని మీద.”

“ఉంచి ఏటి చేస్తావు? దండేస్తావా?” అనేసి అతనే తల దించుకున్నాడు. “మూత నువ్వు ఉంచుకో.”

నన్ను ఆక్సీకరించే, అంటే నా ఎలక్ట్రాన్‌ను లాగేసుకునే మందు ఒక్క చుక్క వేసి చూస్తే నీలం తిరిగి వచ్చేది. ఇద్దరికీ ఆ పాఠం తెలుసు. ఆ రోజు గుర్తురాలేదు.

సుభాషిణి మూతను రుమాల్లో చుట్టుకుంది. త్రినాథ్ నన్ను సింకులో పోశాడు. అక్కణ్ణుంచి మళ్లీ మురుగుకాలవకే చేరాను.

ఆమె ఇచ్చిన ఎలక్ట్రాన్ నా దగ్గరే ఉంది. దాన్ని నేను ఎవరికి ఇవ్వాలో ఇంకా ఎవరూ కనుక్కోలేదు.