కొట్టి చూడని కుండ

కుండల పని ఆటల పెట్టుడంటే అల్కగ అయ్యే ముచ్చట గాదని మా వెంకటేశ్వరరావు సార్‌కు ముందే చెప్పిన. విన్నడా? వినలే. బీరంగూడల టిఫిన్ సెంటర్ మీద మా ఆఫీసు. మేం ఆన్‌లైన్ ఆట తయారు చేస్తం. ఆడేటోళ్లు అందులో ఒక్కొక్కరు ఒక్కో మనిషై ఊర్లు తిరుగుతరు, కొట్లాడుతరు, చేతిపనులు నేర్చుకుంటరు. కమ్మరి పని అయింది, నేత అయింది, ఇగ కుండలు మిగిలినయ్. "రవళీ, మీరు కుమ్మరోళ్లే కదా, నువ్వే చెయ్యి" అన్నడు సార్. నా కులం ఉద్యోగంల గిట్ల అక్కరకొస్తదని ఎన్నడనుకోలే.

పానం పెట్టి చేసిన. చెరువుల మన్ను తవ్వాలె, నానబెట్టాలె, కాళ్లతోని తొక్కాలె, సారె మీద పెట్టి తిప్పాలె. లోపల రాయి పట్టుకొని బయట చెక్కతోని కొట్టి కొట్టి కుండను పెద్దగ చెయ్యాలె. ఆరినంక ఆముల, అంటే కుండల బట్టీల, పేర్చి కాల్చాలె. ఏ కాడ ఆగమైనా పగులుతది. కాలినంక ఏళ్లతోని కొట్టి చూడాలె. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే పగులున్నట్టు. ఆ సప్పుడు కోసం పటాన్‌చెరు అంగట్ల మా అమ్మ కౌసల్యమ్మ కుండలు పెట్టుకునే జాగల కూసొని, ఒక్కొక్క కుండను కొట్టి రికార్డు చేసిన. సార్ ఆడి చూసి ఆవులించిండు. "ఇది ఆటా, ఐటీఐ క్లాసా? దెబ్బేదమ్మా ఇందులో?" అన్నడు.

దెబ్బ కావాల్నా, ఆగు, ఇస్త అనుకున్న. నాకు కోపమొస్తే బుర్ర జోరుగ పనిచేస్తది. మా ఇండ్లల్ల ఒక కుండ ఉంటది. ఎవరన్న చనిపోతే ఆ ఇంటోళ్లు వచ్చి తీస్కపోయే కుండ. దాన్ని ఎవ్వరు కొట్టి చూడరు, ధర అడగరు. పగులున్నా లేకున్నా దాని పని వల్లకాడు దాకనే. దాన్ని తెచ్చి ఆటల పెట్టిన. పగోని గడప ముంగట కొట్టి చూడని కుండ పెడితే, పొద్దుగూకేవరకు వాణ్ని చంపాలె. చంపితే వాని సొమ్మంత నీది. చంపలేకపోతే నీదంత వానిది. అది వినంగనే సార్ కుర్చీలకెల్లి లేచి చప్పట్లు కొట్టిండు.

ఆటను బయటికి ఇడిసే ముందు, తప్పులేమన్న ఉంటే తెలుస్తయని చుట్టుపక్కల కంపెనీల పోరగాళ్లకు ఇచ్చినం. మా తమ్ముడు మల్లేష్ మందుల కంపెనీల చేస్తడు. వాడు వాని షిఫ్టోళ్లందర్ని ఆటల చేర్పిచ్చిండు. కొన్ని దినాలకే మన్ను తవ్వేటోడు లేడు, సారె తిప్పేటోడు లేడు, పొద్దున లేస్తే చంపుడే. ఈ సంగతి అమ్మ చెవుల పడ్డది. "ఆ కుండను మనం చేతులు జోడిచ్చి ఇస్తం బిడ్డా. సావు అయినంక ఇచ్చేది అది. నువ్వు ముందుగాల్నే ఇస్తున్నవ్" అన్నది. ఉత్త ఆట అమ్మా, అండ్ల మన్ను గూడ ఉండది అని నవ్వి ఊకున్న.

మల్లేష్ కంపెనీల కాంట్రాక్టు కూలోళ్ల మీద మేస్త్రీ దశరథ్. నోరు తెరిస్తే బూతు, చెయ్యి లేస్తే ఎవనిదో ఒకని చెంప. క్యాంటీన్ లైన్ల అడ్డమొచ్చిండని మల్లేష్‌ను అందరి ముంగట కొట్టిండంట. దశరథ్ గూడ మా ఆట ఆడుతుండె. మావోడు బదులు అండ్లనే తీర్సుకున్నడు. ఆటల దశరథ్ ఇంటి ముంగట కుండ పెట్టి, నడి సంతల వాణ్ని పొడిచి, తల నరికి, ఆ తలను సారె మీద పెట్టి గిర్రున తిప్పిండు. సారె మీద మన్ను తప్ప వేరేది పెట్టనియ్యొద్దని నేను ప్రోగ్రాంల రాయలే. గసుంటిది పెడతరని ఎవనికెరుక?

ఆ వీడియో అందరి ఫోన్లల్ల తిరిగింది. దశరథ్ కనవడితే చాలు, కూలోళ్లు ఏలు పైకి లేపి గిర్రున తిప్పుడు మొదలువెట్టిండ్రు. తెలుగు రాని బీహార్ పోరగాళ్లు గూడ తిప్పిండ్రు. ఎవని మీదికని చెయ్యి లేపుతడు? వాడు డ్యూటీకి వచ్చుడే బంజేసిండంట. మల్లేష్ నాకు ఫోన్ చేసి ఈ ముచ్చటంత చెప్పి పడి పడి నవ్విండు. నేను గూడ నవ్విన, చెంపదెబ్బ తిన్నది నా తమ్ముడు గాదా మరి.

తర్వాత ఒకనాడు పగటీలి అమ్మ ఫోన్ చేసింది. ఎవడో వచ్చి కుండ తీస్కపోయిండంట, కొట్టి చూడలేదంట, ధర అడగలేదంట. వాని అంగి మీద తమ్ముని కంపెనీ పేరు ఉన్నదంట.

"ఇంట్ల ఎవరు పోయిండ్రు బిడ్డా అని అడిగిన. ఇంక పోలేదవ్వా, పొద్దుగూకేవరకు పోతడు అన్నడు. తమ్ముని కాడికి ఉరుకు రవళీ."

ఉరికిన. చెప్పులు ఆఫీసులనే ఉండిపోయినయ్. ఫోన్ చేస్తే మల్లేష్ ఎత్తుతలేడు. వాని రూము రెండు గల్లీల అవతల, మేడ మీద. మెట్లెక్కి చూస్తే గడప ముంగట కుండ ఉండనే ఉన్నది, మా అమ్మ చేతి కుండ. మావోడు దాని పక్కకు కూసొని ఫోన్ల ఫోటో దిగుతున్నడు, స్టేటస్ పెడతడంట! భానూర్‌కు పోదాం, మనూళ్లె మనోళ్లందరు ఉంటరు, లేకుంటే పోలీస్ స్టేషన్‌కన్న పోదాం నడువని బతిలాడిన. కదలలే. పారిపోతే రేపటికెల్లి అందరు నా దిక్కు ఏలు తిప్పుతరు అన్నడు. లాగి ఒక్కటి పీకిన. చెంప తుడుసుకుంట ఇంక నవ్వుతనే ఉన్నడు.

దశరథ్ ఒక్కడే వచ్చిండు, చేతుల ఇనుప రాడ్డు. మొదటి దెబ్బ తలుపు మీద పడ్డది, రెండోది మల్లేష్ భుజం మీద పడ్డది, బొక్క ఇరిగిన సప్పుడు నాకు వినవడ్డది. నేను దశరథ్ చేతికి వేలాడి మణికట్టు కొరికిన, రక్తం వచ్చేదాక ఇడువలే. ఇంకో చేత్తోని నా జుట్టు పట్టి గోడకేసి కొట్టిండు. ముంగటి పన్ను ఇరిగి నోట్లనే ఉన్నది, ఉమ్మేసి మళ్ల మీద పడ్డ. ఆ గుంజులాటల రాడ్డు కింద పడ్డది. మల్లేష్ బాగున్న చేత్తోని అందుకున్నడు.

మోకాలు మీద ఒక్కటి. దశరథ్ కూలవడ్డడు. మూతి మీద ఒక్కటి. పండ్లు రాలినయ్. "ఇగ సాలు తమ్మీ, నడువు" అన్న. వానికి వినవడలే. పక్కటెముకల మీద కొట్టిండు, మొఖానికి అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టిండు. ఆ చేతులు జోడిచ్చి వద్దు వద్దన్నడు దశరథ్, అయినా కొట్టిండు. మెట్ల మీద జనం జమైండ్రు, అందరి చేతులల్ల ఫోన్లు. ఎవడో ఈలేసి "తిప్పు, తిప్పు" అన్నడు. ఇంకెవడో ఏలు లేపి గిర్రున తిప్పిండు. థూ, మీ బతుకులు చెడ, ఒక్కడన్న ముంగటికి రారాదు! నేను మల్లేష్ అంగి పట్టి గుంజిన. మోచేత్తోని నా ఛాతీల పొడిచిండు, ఊపిరి ఆగింది.

రాడ్డు తల మీదికి లేపిండు. మల్లేష్ కండ్లల్ల నా తమ్ముడు లేడు. ఆ దెబ్బ పడితే దశరథ్ సచ్చుడే, దానితోనే నా తమ్ముని బతుకు గూడ జైల్ల మురిగి పోవుడే. చేతికి కుండ దొరికింది. రెండు చేతుల లేపి, ఎనుకకెల్లి, ఉన్న బలమంత పెట్టి నా తమ్ముని తల మీద కొట్టిన. మా అమ్మ కుండలు గట్టిగ కాలుతయ్. వాడు పోయి దశరథ్ మీదనే పడ్డడు. ఏ రక్తం ఎవనిదో తెల్వకుండ కలిసింది.

సంగారెడ్డి దవాఖానల ఇద్దర్ని ఒక్కటే వార్డుల పండవెట్టిండ్రు. మల్లేష్ తెలివికి రాలే. లేస్తడో లేవడో చెప్పలేమన్నరు. పోలీసులు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పిన, తల మీద కొట్టింది నేనే అని గూడ చెప్పిన. వరండల కూసొని ల్యాప్‌టాప్ తెరిసి ఆ కుండను ఆటలకెల్లి పీకేసిన. సార్ ఫోన్ చేసి, జనం ఎగబడుతుంటే నీకేం రోగం అని అరిసిండు. ఉద్యోగం నువ్వే ఉంచుకో అని పెట్టేసిన. అమ్మ తమ్ముని కాళ్ల కాడ కూసున్నది, నా మొఖం చూస్తలేదు.

దశరథ్ తల్లి ముత్యమ్మ వచ్చి నా కాళ్లు పట్టుకున్నది. నా కొడుకును బతికిచ్చినవ్ బిడ్డా అని ఏడ్సింది. నాకు ఒళ్లు మండింది.

"నీ కొడుకు కోసం గాదవ్వా" అన్న. "నా తమ్ముని కోసం కొట్టిన."

అప్పుడే మంచం మీద మల్లేష్ కదిలిండు. అమ్మ వాని మీద పడి ఏడ్సింది. వాడు ముత్యమ్మను చూసిండు, నన్ను చూసిండు. మాట ముద్దగ వస్తున్నది, అయినా అన్నడు.

"నన్ను సంప వచ్చినోడు కింద పడంగనే నన్ను కొట్టినవ్. ఎవరి దిక్కే నువ్వు?"

నాకు దుఃఖం ఆగలే. పోయిందనుకున్న గొంతు అది.

"నీ దిక్కే. బతికున్నవ్ గదరా. తిట్టు."

తిట్టిండు. నోటికొచ్చిన బూతులన్ని తిట్టిండు, వార్డంత వినేటట్టు తిట్టిండు. నడుమ నాలిక మడత పడితే ఆగి, ఊపిరి తీసుకొని, మళ్ల అందుకున్నడు. నేను మంచం పట్టె మీద కూసొని, ఆపకు తమ్మీ, ఆపకు అనుకుంట అన్ని విన్న.